చేదు విభాగం

ఆ విశ్వవిద్యాలయం ఫార్మసీ కాలేజీలో ఒకప్పుడు అందరూ మందుల మీదే పరిశోధన చేసేవారు. అదెంత పొరపాటో విస్తృతి మండలి వారి ఉత్తర్వు వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు పాపం.

ఉత్తర్వు అందిన మధ్యాహ్నమే ప్రిన్సిపాల్ విశ్వంభరం గారు అధ్యాపకులందరినీ సమావేశ మందిరానికి పిలిపించారు. ఆయన మామూలుగా మాట్లాడినా ప్రారంభోత్సవంలో మాట్లాడినట్టే ఉంటుంది. ఆ రోజు మరీ గొంతు సవరించుకుని, కండువా సర్దుకుని లేచారు.

"మిత్రులారా! ఇకపై కళాశాలల స్థాయిని పరిశోధనా విస్తృతిని అనుసరించి నిర్ణయించెదరు. మనం ఎన్ని వేర్వేరు విభాగాలలో పరిశోధిస్తున్నామన్నదే గీటురాయి. ఒకే విభాగంలో ఇద్దరుంటే పునరుక్తి దోషం. ఒకరి విభాగంలో మరొకరు వేలు పెడితే అతివ్యాప్తి దోషం. పునరుక్తికి మార్కులు కోత. అతివ్యాప్తికి గుర్తింపే కోత."

"మరి ఏం కనిపెట్టామన్నది అడగరాండీ?" అన్నాడు వెనక వరసలోంచి కూర్మారావు.

"ఆ గడి ఫారంలో లేదు" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

కూర్మారావుకి గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే ఆయన బృందంలో ముగ్గురున్నారు. ముగ్గురూ కలిసి చేస్తున్నది ఒకటే మందు.

ఆ మందు కథ కాలేజీ అటెండరు పైడిరాజుతో మొదలైంది. పైడిరాజు కూతురు నూకరత్నానికి మూర్ఛ వస్తుంది. ఇంట్లో రత్నాలు అంటారు. మందు వేసుకుంటే రాదు, వేసుకోకపోతే వస్తుంది, అంతే లెక్క. కానీ ఆ మందు కటిక చేదు. పిల్లలకి పట్టాలంటే బిళ్లను నూరి నీళ్లలో కలిపి పట్టాలి. "మందుంది సార్, డాక్టరుగారు మంచి మందే రాసినారు. మా గుంట తాగితే కదేటి! నోట్లో ఎయ్యడం పాపం, నా మొహం మీద ఉమ్మీసుద్ది. సగం దాని కడుపులోకి, సగం నా సొక్కా మీదికి. నానేటి సెయ్యను?" అని ఒకనాడు కూర్మారావు ముందు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. కడుపులోకి సగమే వెళితే మూర్ఛ వచ్చే తీరుతుంది. ఆ వారంలోనే వచ్చింది కూడా. పొయ్యి పక్కన పడిపోయి పిల్ల చెయ్యి కాలింది.

ఆ కాలిన చెయ్యి చూశాక కూర్మారావుకి అన్నం సయించలేదు. పిల్లలు ఉమ్మెయ్యని మందు తయారు చెయ్యాలని పట్టుపట్టాడు. మందు పొడిలో ఒక్కో రేణువుకీ సన్నటి పొర తొడిగి, ఆ పొర నోట్లో కరగకుండా కడుపులోనే కరిగేలా చేసి, దాన్ని మంచి తియ్యటి సిరప్‌లో కలపాలని ఆలోచన. పొర సంగతి కూర్మారావుది. సిరప్ సంగతి కుర్ర లెక్చరర్ కిరీటిది. సీసాలో పైనుంచి కిందిదాకా మందు సమానంగా ఉందో లేదో యంత్రంలో పెట్టి కొలిచి చెప్పడం మెహరున్నీసా మేడం పని. కొన్నేళ్లు కిందా మీదా పడి ఒక దారికి తెచ్చారు. ఇంకొక్క విడత కలిపి కొలిచి సరిచూసుకుంటే, పిల్లల ఆసుపత్రిలో డాక్టర్ అనసూయ గారు అనుమతులు తీసుకుని పరీక్ష మొదలుపెడతారు.

సరిగ్గా అక్కడ ఉండగా ఉత్తర్వు దిగింది.

"ఒక మందుకు ముగ్గురా? ఇది పునరుక్తి కాదు, పునరుక్తికే పునరుక్తి!" అని ప్రిన్సిపాల్ గారు తల పట్టుకున్నారు. తరవాత ఆయన తలలోనే ఒక వెలుగు వెలిగింది. కళలు అరవై నాలుగు ఉండగా మన విభాగాలు పదకొండేమిటి అనుకున్నారు. మర్నాటికల్లా పెయింటర్ని పిలిపించి, వరండా గోడ మీద నేల నుంచి కప్పుదాకా ఒక పెద్ద బండిచక్రం వేయించారు. చక్రానికి అరవై నాలుగు ఆకులు. ఒక్కో ఆకు మీద ఒక్కో విభాగం పేరు, కింద ఒక్క మనిషి పేరు. ఉన్న మందును ఎన్ని ముక్కలు చెయ్యగలిగితే అన్ని ముక్కలు చేశారు.

చేదు ఒక విభాగమయింది. తీపి ఒక విభాగం. రంగు, వాసన, చిక్కదనం మూడు. సీసా ఒకటి, మూత ఒకటి, చెంచా ఒకటి. సీసా మెడలో కుక్కే దూది ఒకటి. కొలత మెహరున్నీసా మేడానికి వచ్చింది. తీపి కిరీటికి వచ్చింది. చేదును తీసెయ్యడానికి ఇన్నేళ్లు కష్టపడ్డ మనిషి కనుక, చేదులో అనుభవం ఉన్నదని చెప్పి, దాన్ని కూర్మారావుకి ఇచ్చారు.

"నేను చేదు తగ్గిస్తున్నానండీ, పెంచడం లేదు" అన్నాడు కూర్మారావు.

"అదే మీతో వచ్చిన చిక్కు" అన్నారు ప్రిన్సిపాల్ గారు జాలిగా. "ప్రతి విభాగమూ ఏటేటా అభివృద్ధిని ప్రదర్శింపవలెనని నిబంధన. చేదు విభాగం అభివృద్ధి చెందడమంటే అర్థమేమిటో మీవంటి విజ్ఞులకు నేను చెప్పాలా?"

కూర్మారావు విజ్ఞుడు కాబట్టి వెంటనే అర్థమయింది.

కాలేజీ మూడు నెలల్లో గుర్తుపట్టలేనంతగా మారిపోయింది. వరండాలో నడుస్తుంటే ప్రతి గది తలుపు మీదా కొత్త బోర్డు. సీనియర్ ప్రొఫెసర్ అనంతపద్మనాభం గారిది కుదుపు విభాగం. మందు సీసాల మీద 'వాడే ముందు బాగా కుదపవలెను' అని ఉంటుంది కదా, ఆ కుదుపు. అయితే సీసా ఆయనది కాదు, సీసా విభాగం వారిది. ముట్టుకుంటే అతివ్యాప్తి. అందుకని ఆయన పొద్దున పదింటికి గదిలోకి వచ్చి, పంఖా వేసుకుని, వట్టి పిడికిలి బిగించి సాయంత్రం దాకా కుదుపుతూ ఉండేవారు. భుజం పట్టేసి రెండు వారాలు సెలవు పెడితే, ఆ సెలవు కూడా పరిశోధనలో భాగమేనని ప్రిన్సిపాల్ గారు మంజూరు చేశారు.

మూత విభాగం వారు మూతను కుడికి తిప్పాలా ఎడమకు తిప్పాలా అన్న విషయం మీద సదస్సు పెట్టారు. తిప్పడానికి సీసా లేకపోవడంతో సదస్సు సిద్ధాంత చర్చకే పరిమితమైంది. చెంచా విభాగం ఆవిడ చెంచాలో ఏమీ పొయ్యకుండా, పోసినట్టే పట్టుకుని చెయ్యి వణకకుండా నడవడంలో నైపుణ్యం సాధించారు.

అన్నింట్లోకీ 'పిల్లలకు అందకుండా ఉంచండి' విభాగం మాత్రం అనుకున్న లక్ష్యాన్ని నూటికి నూరు పాళ్లు సాధించింది. ఆ ఏడాది కాలేజీ నుంచి ఏ మందూ ఏ పిల్లకీ అందలేదు.

ఇక కల్వాలు. ఫార్మసీ కాలేజీ అన్నాక కల్వాలుంటాయి, రెండు మూడు దినుసులు వేసి నూరడానికే అవి ఉంటాయి. కలపడమంటే ఒక విభాగాన్ని ఇంకో విభాగంలో కలపడమే కనుక, ప్రిన్సిపాల్ గారు వాటన్నిటినీ ఏరించి స్టోరు గదిలో పడేసి తాళం వేయించారు. ల్యాబు గుమ్మం మీద 'ఇచ్చట కలపరాదు' అని ఎర్ర అక్షరాలతో రాయించారు. కలపకుండా మందులెలా చేస్తారండీ అని ఒక విద్యార్థి అడిగాడట. మందులు చెయ్యడం దుకాణదారుల పని, మనది పరిశోధన అని జవాబు వచ్చిందట.

కూర్మారావు ఒక్కడే తన గదిలో చేదుతో మిగిలాడు. పొర తొడిగితే చేదు తగ్గుతుంది, తగ్గితే అభివృద్ధి లేదు. నెలాఖరుకి ప్రిన్సిపాల్ గారి నుంచి సంజాయిషీ నోటీసు వచ్చేది. పోయిన నెల కంటే మీ చేదు ఏమీ పెరిగినట్టు లేదు, కారణమేమి? గోడకి అవతల కిరీటి గదిలోంచి పాకం వాసన ఘుమఘుమలాడుతూ వచ్చేది. ఆ కుర్రవాడు తీపిని పండించేశాడు. ఏలకుల వాసన, నారింజ వాసన వేరే విభాగాలకి పోయినా, ఉత్త తీపితోనే నాలుక లాగేసే సిరప్ చేశాడు. అందులో మందు మాత్రం లేదు. మందు చేదు, చేదు కూర్మారావుది.

"ఒక్కసారి కలుపుదాం సార్, ఎవరూ చూడరు" అన్నాడు కిరీటి ఒక సాయంత్రం గుసగుసగా.

"కలిపాక కొలవాలి. మేడం గారు కొలిస్తే ముగ్గురి ఉద్యోగాలూ పోతాయి. కొలవకుండా పసిపిల్ల నోట్లో పొయ్యడానికి నా చెయ్యి రాదు" అన్నాడు కూర్మారావు. అన్నాక తన మీద తనకే అసహ్యం వేసింది. పైడిరాజు రోజూ ఎదురుపడి, "ఎంతవరకు వచ్చింది సార్ మన మందు?" అని అడుగుతాడు. ఏం చెప్పాలి? చేదు పెంచుతున్నాం నాయనా అని చెప్పాలా?

విస్తృతి మండలి నిపుణుల సంఘం తనిఖీకి వచ్చే రోజు రానే వచ్చింది. మామిడాకుల తోరణాలు, బాజాలు, శాలువాలు. చక్రం మీద అరవై మూడు ఆకులు నిండాయి. చివరి ఆకుకి ఎంత బుర్ర గోక్కున్నా పేరు దొరక్క, దాని మీద ఒక పూలదండ వేలాడదీశారు.

సంఘం అధ్యక్షులవారు పొట్టిగా, గుండ్రంగా, చాలా ప్రసన్నంగా ఉన్నారు. గది గదికీ వెళ్లి తల ఊపారు. అనంతపద్మనాభం గారి వట్టి కుదుపు చూసి, "వస్తువు లేకుండా క్రియను అధ్యయనం చేయుట! ఇది తాత్త్విక స్థాయి" అన్నారు. కూర్మారావు గదిలో చేదును వేలికొసతో నాలుకకు తాకించుకుని, ఒక గ్లాసు నీళ్లు తాగి, ఇంకో గ్లాసు తాగి, "అభివృద్ధి కనిపిస్తున్నది" అని రాసుకున్నారు. కిరీటి గదిలో మాత్రం ఒక చెంచా తాగినవారు రెండో చెంచా అడిగి తాగారు.

"ఇంత రుచికరమైన మందును పసివారు సేవించుట చూడవలెనని మాకు కుతూహలముగా ఉన్నది" అన్నారు.

ప్రిన్సిపాల్ గారు అందరినీ సమావేశ మందిరానికి నడిపించి చిటికె వేశారు. పైడిరాజు పరుగెత్తుకెళ్లి రత్నాలుని చంకనేసుకుని వచ్చాడు. రత్నాలు చెంచా చూడగానే అలవాటు ప్రకారం పళ్లు బిగించింది. నాన్న బతిమాలాడు, తాతలాంటి అధ్యక్షులవారు బతిమాలారు. చివరికి నాలుక కొస బయటపెట్టింది. ఆగింది. కళ్లు పెద్దవి చేసింది. చెంచా నాకేసి, "ఇంకా" అంది.

హాలంతా చప్పట్లు. ఫోటోలు. పైడిరాజు అక్కడే కూలబడి వలవల ఏడ్చేశాడు. "తాగీసింది బాబూ! మా గుంట ఉమ్మకుండా మందు తాగీసింది! ఇన్నాళ్లకి దేవుడు సూసినాడు!" అధ్యక్షులవారి కళ్లు కూడా చెమ్మగిల్లాయి. నిండు సీసా తెప్పించి స్వహస్తాలతో పైడిరాజుకి బహూకరించారు. పైడిరాజు సీసాని కళ్లకద్దుకుని, "ఇంక ఆ దిక్కుమాలిన బిళ్లలు ఈ రోజుతో సరి. ఇంటికెళ్లి పెంట మీద పారీస్తాను" అన్నాడు.

కూర్మారావు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. బిళ్లలు పారేస్తాను అన్న మాట చెవిన పడింది. కిరీటి వంక చూశాడు. కిరీటి మొహం తెల్లగా పాలిపోయి ఉంది. మాట్లాడితే ఉద్యోగం పోతుంది, కాలేజీ గుర్తింపు పోతుంది. మాట్లాడకపోతే ఈ పిల్ల రేపో ఎల్లుండో ఏ నూతి గట్టు మీదో పడిపోతుంది. ముందుకి వెళ్లి పైడిరాజు చేతిలోంచి సీసా లాక్కున్నాడు.

"ఇందులో మందు లేదు" అన్నాడు. గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "ఇది వట్టి పాకం. పైడిరాజూ, బిళ్లలు మానిపించావంటే పిల్లకి మూర్ఛ వస్తుంది. పారెయ్యకు."

ముందుగా తేరుకున్నది పైడిరాజు. "ఏటి సార్ ఇది? ఇన్నాళ్లకి పిల్ల తాగితే సీసా లాగీసుకుంటారేటి? మీరు సెయ్యలేకపోయినారు, ఆ కుర్ర సారు సేసినారని మీకు కడుపుమంటా?" అన్నాడు. ఆ మాట కూర్మారావుకి సూటిగా తగిలింది. రత్నాలు సీసా కోసం చేతులు చాచి గుక్కపట్టి ఏడవసాగింది. కాలిన మచ్చ ఉన్న చెయ్యి అది. కూర్మారావు సీసాని వీపు వెనక దాచుకుని నిలబడ్డాడు.

"తమరిది ఏ విభాగం?" అని అడిగారు అధ్యక్షులవారు.

"చేదు."

"చేదు విభాగము వారు తీపిలో మందు ఉన్నదో లేదో ఎట్లు చెప్పెదరు? అది కొలత విభాగము వారి పరిధి కదా?"

మెహరున్నీసా మేడం అప్పటికే లేచి నిలబడింది. "సారు చెప్పింది నిజమండీ. అందులో మందు లేదు. కొలవనక్కర్లేదు, అందులో వెయ్యడమే నిషేధం" అంది. కిరీటి కూడా చెయ్యెత్తాడు. "నేను వెయ్యలేదండీ. వెయ్యకూడదన్నారు."

ప్రిన్సిపాల్ గారికి పై ప్రాణాలు పైనే పోయాయి. సంఘం సభ్యులు తలలు దగ్గర పెట్టుకుని చాలాసేపు గుసగుసలాడారు. అధ్యక్షులవారు లేచారు. ఆయన మొహంలో కోపం లేదు. ఏదో దివ్యదర్శనం అయినవారిలా వెలిగిపోతున్నారు.

"మందు లేని మందు! మేము దేశమంతా తిరిగితిమి. మందులో మందును పరిశోధించువారే గాని, మందు లేని మందును ఇంత శ్రద్ధగా చేయువారిని ఎచ్చటా చూడలేదు. విశ్వంభరం గారూ, చివరి ఆకు ఖాళీగా ఉన్నదేల? వినయము వల్లనా?"

ప్రిన్సిపాల్ గారు క్షణం ఆలస్యం చెయ్యలేదు. "అవునండి. వినయము" అని చేతులు జోడించారు.

పూలదండ తీసి, అక్కడికక్కడే పెయింటర్ని పిలిపించి, 'ఔషధరహిత ఔషధ శాస్త్రం' అని రాయించారు. కాలేజీకి అత్యున్నత శ్రేణి వచ్చింది. ఫలహారాలు వచ్చాయి. జీడిపప్పు ఉప్మా తింటూ అధ్యక్షులవారు ఒక్క చిన్న మాట అన్నారు. ఆ చేదు విభాగము వ్యక్తి నిండు సభలో అతివ్యాప్తికి పాల్పడినాడు, అతనిని చక్రం నుంచి తొలగింపుడు అని.

"తమరి పేరు గోడ మీంచి చెరిపివేయబడుతున్నది" అని ప్రిన్సిపాల్ గారు సాయంత్రం గంభీరంగా ప్రకటించారు. "ఇకపై తమకు విభాగం లేదు, గది లేదు. జీతం మాత్రం నిబంధనల ప్రకారం ఆపరాదు. స్టోరు గదిలో కూర్చోండి."

కూర్మారావు ఆ రాత్రి తిండి తినలేదు. పైడిరాజు అన్న కడుపుమంట అన్న మాటే చెవుల్లో తిరిగింది. మర్నాడు స్టోరు గది తాళం తీసుకుని లోపలికి వెళ్లి, దుమ్ము దులిపి ఒక స్టూలు మీద కూర్చున్నాడు. చుట్టూ చూశాడు. కాలేజీలో ఉన్న కల్వాలన్నీ అక్కడే ఉన్నాయి.

చాలాసేపటికి ఆయనకి నవ్వొచ్చింది. అతివ్యాప్తి జరగాలంటే రెండు విభాగాలుండాలి. విభాగమే లేనివాడు ఎవరి మీదికి వ్యాపిస్తాడు? లేచి తిన్నగా మెహరున్నీసా మేడం గదికి వెళ్లాడు. "మేడం, నేనిప్పుడు ఎవరినీ కాను. ఎవరూ కానివాడికి ఏదైనా కొలిచిపెడితే మీరు ఎవరితోనైనా కలిసి పనిచేసినట్టవుతుందా?" అన్నాడు. ఆవిడ నిబంధనలు ఒకసారి తిరగేసి, "అవదండీ" అని యంత్రం మీది గుడ్డ తీసేసింది. కిరీటి బిందెడు పాకం స్టోరు గది గుమ్మంలో పెట్టి, ఎవరికీ ఇవ్వలేదని మనస్సాక్షిగా చెప్పుకుని వెళ్లిపోయాడు.

మిగిలింది చేదు. దాన్ని ఎవరూ తీసుకోకపోవడంతో, చక్రం అరవై మూడుకి పడిపోకుండా స్వయంగా ప్రిన్సిపాల్ గారే స్వీకరించవలసి వచ్చింది. అభివృద్ధి పరిశీలనకు రోజూ రుచి చూడాలి. కూర్మారావు వెళ్లేసరికి ఆయన నాలుక బయటపెట్టుకుని విసనకర్రతో విసురుకుంటున్నారు. మందు పొడి కాస్త కావాలని అడిగేసరికి డబ్బా డబ్బాయే చేతిలో పెట్టేశారు. "పట్టుకుపోండి మహానుభావా! ఎందుకని కూడా అడగను" అన్నారు. అంత వాడుక తెలుగులో ఆయన మాట్లాడటం అదే మొదలు.

కల్వంలో మళ్లీ నూరారు, పొర తొడిగారు, కలిపారు, కొలిచారు. బాగోలేదని పారబోసి మళ్లీ కలిపారు. ఎలుకల గదిలో, కాగితాల మీద, అనుమతి సంఘాల దగ్గర జరగవలసిన తతంగమంతా పిల్లల ఆసుపత్రి తరఫున అనసూయ గారు దగ్గరుండి నడిపించారు. ఏ కాలేజీ, ఏ విభాగం అని ఆవిడ పైవాళ్లు అడిగితే, విభాగం లేని ఒకాయన అని రాసిచ్చారు. పరీక్షకు పేర్లిచ్చిన పిల్లల్లో నూకరత్నం ఒకతె.

మొదటి విడత మందు పట్టే రోజున ఆసుపత్రి వార్డులో పైడిరాజు మంచం పక్కన నిలబడి ఉన్నాడు. కూర్మారావుని చూసి నమస్కారం పెట్టాడు గానీ దగ్గరికి రాలేదు. తనిఖీ నాటి పాకం తాగిన దగ్గర్నుంచి పిల్ల చేదు బిళ్లల నీళ్లు అసలే ముట్టక, మధ్యలో రెండుసార్లు పడిపోయింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. నర్సు సీసా మూత తీస్తుంటే పైడిరాజు అడ్డం వచ్చాడు.

"తియ్యగుంటాదా సార్?"

"తియ్యగానే ఉంటుంది."

"అయితే నాకొద్దు. తియ్యటి మందు ఒకపాలి సూసీసాం."

కూర్మారావు జేబు తడుముకున్నాడు. మెహరున్నీసా మేడం కొలిచిన అంకెలు జేబులోనే ఉన్నాయి, కానీ అంకెలతో ఈ మనిషి భయం పోదు. అనసూయ గారే పైడిరాజు భుజం మీద చెయ్యి వేసి పక్కకి తీసుకెళ్లి, నెమ్మదిగా చెప్పి ఒప్పించారు. నర్సు చెంచా అందించింది. రత్నాలు పళ్లు బిగించి, తండ్రి మొహం చూసి, మెల్లిగా నోరు తెరిచింది. నోట్లో ఉంచుకుని అటూ ఇటూ తిప్పింది. కనుబొమలు ముడిపడ్డాయి.

గుటుక్కుమని మింగేసింది.

"ఎలాగుందే?" అన్నాడు పైడిరాజు.

"తియ్యగుంది" అంది రత్నాలు. నాలుకతో పెదాలు తడుముకుంది. మొహం కొంచెం చిట్లించింది. "ఎనకాల సేదుంది నాన్నా."

కూర్మారావు తల వంచుకున్నాడు. పొర ఎక్కడో పలచబడిందన్నమాట. ఇన్నేళ్లు ఏ చేదునైతే చంపాలని చూశాడో అది ఇంకా కాస్త మిగిలే ఉంది.

పైడిరాజు మాత్రం కూతురి గడ్డం పట్టుకుని, "సేదుందా? నిజంగా ఉందా?" అని రెట్టించి అడిగాడు. ఉందని పిల్ల తల ఊపింది. ఆ మాటతో అతని మొహం విప్పారింది. వచ్చి కూర్మారావు రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఉంది సార్, సేదుంది. మందే."